సేవాలాల్ మాట, మన కరువు సీమ

సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర పుట్టాడని మన పెద్దలు చెబుతారు. ఆ చోటే నేటి సేవాగఢ్. అప్పుడు మన సుగాలీల బతుకంతా ఎద్దుల మీదే. ఉప్పు, ధాన్యం మోపించుకొని దేశమంతా తిరిగేవాళ్లు. ఆ వ్యాపారమే లదేణి.

1871లో మద్రాసు-బొంబాయి రైలు దారి కలిసింది. అది పోయింది కూడా గుత్తి మీదుగానే! ఎద్దు మోసే బరువు రైలెక్కింది. అదే ఏడు నేరస్థ జాతుల చట్టం పుట్టింది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నడుమ 1876-78 కరువు సీమను ఊడ్చేసింది. దొంగలన్న ముద్రకు ఆధారమైన ఆ చట్టం పోయింది 1952లో.

ఇన్ని దెబ్బలకూ తండా చెదరలేదంటే సేవాలాల్ పేరు కూడా ఒక కారణమని మా నమ్మకం. నిప్పులో నెయ్యి, బెల్లం వేసి భోగ్ పెట్టేటప్పుడు అందరూ ఒకచోట కూడేవాళ్లు. తగవులు నాయక్ ముందర తీరేవి. అబద్ధమాడొద్దు, సారా ముట్టొద్దు అన్న మాట ఒట్టి భక్తి కాదు తమ్ముళ్లారా: సారా అప్పు లేని ఇంట్లో కరువేడు కూడా విత్తనం మిగులుతుంది.

ఇప్పుడు లోకమంతా వాతావరణం తప్పుతోంది. మనకు పడేదే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నల్లచెరువు, కదిరి వైపు నుంచి బెంగళూరుకు, కేరళకు వలసలు. జయంతికి డీజే, ఫ్లెక్సీలు మాత్రం పెరిగాయి. వలసపోయిన వాళ్లు ఇల్లు చేరేది ఆ రోజే కనుక, ఈసారి భోగ్ అయ్యాక చెరువు పూడిక తీసే సంగతి అక్కడే కూర్చొని తేల్చుకుందాం.