షార్ట్ ఫిల్మ్‌కు చోటు దొరికిన తీరు

తెలుగులో షార్ట్ ఫిల్మ్ ఎలా పుట్టిందని అడిగితే చాలామంది ఓ కెమెరా పేరు చెబుతారు. 2008 సెప్టెంబరులో కేనన్ కంపెనీ 5డి మార్క్ 2ను ప్రకటించింది. ఫొటోలు తీసే కెమెరాతోనే ఫుల్ హెచ్‌డీ వీడియో తీయొచ్చని తేలింది. 2010లో అంతకంటే బాగా తక్కువ ధరకు 550డి వచ్చింది. ఇంజినీరింగ్ కుర్రాళ్లు తలా కాస్త వేసుకుని కెమెరా అద్దెకు తెచ్చారు. హాస్టల్ గదిలో, ట్యాంక్‌బండ్ మీద, విశాఖ బీచ్‌లో సినిమాలు తీసి యూట్యూబ్‌లో పెట్టారు. కథ ఇంతేనంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ అసలు కారణం మరుగున పడిపోయింది. చవక కెమెరా ఒక్కటే చాలేదైతే తెలుగు షార్ట్ ఫిల్మ్ ఇరవయ్యేళ్లు ముందే పుట్టి ఉండాలి. పనిముట్టు చవకైనంత మాత్రాన కళారూపం పుట్టదని, చూపించుకునే చోటు దొరికాకే పుడుతుందని, ఆ చోటు కొలతలే తర్వాత దాని రాతను శాసిస్తాయని నా వాదన.

పెళ్లి వీడియో సంగతే చూడండి. 1990లు వచ్చేసరికి ఓ మోస్తరు టౌనులో కూడా వీడియో తీసేవాళ్లు ఉన్నారు. ఒకాయన భుజాన వీహెచ్‌ఎస్ కెమెరా, ఆయన వెనకాలే లైటు ఎత్తిపట్టుకుని వైరు లాక్కుంటూ నడిచే కుర్రాడు. జీలకర్ర-బెల్లం దగ్గర క్లోజప్, తలంబ్రాల దగ్గర స్లో మోషన్, అప్పగింతల దగ్గర ఓ ఏడుపు పాట, ఫ్రేము మూలన హృదయాకారంలో వధూవరుల ముఖాలు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, ఎవరి ముఖం ఎప్పుడు చూపాలో, పాట ఎక్కడ ఎత్తుకోవాలో వాళ్లకు బాగానే తెలుసు. ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో ఆ కెమెరా ఖాళీగానే పడి ఉండేది. ఆ ఖాళీలో నాలుగు కథలు తీయడానికి అడ్డేమిటి? దీనికి సాధారణంగా వచ్చే జవాబు నాణ్యత. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి ఒకదాన్నుంచి మరోదానికి ఎక్కిస్తూ ఎడిట్ చేయాలి. కాపీకి కాపీ తీస్తే రంగులు కరిగిపోయి ముఖాలు ముద్దయిపోతాయి. నిజమే. కానీ 1995లో మినీ డీవీ వచ్చింది, మరికొన్నేళ్లకు మామూలు కంప్యూటర్ మీదే ఎడిటింగ్ సాధ్యమైంది, కాపీ తీసినా బొమ్మ చెదరని రోజులొచ్చాయి. అయినా మరో పదేళ్లదాకా వరద రాలేదు. నాణ్యత అడ్డయితే అది తొలగగానే నీళ్లు పారాలి కదా. అసలు చిక్కు క్యాసెట్ తయారయ్యాక మొదలవుతుంది: దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? పెళ్లి క్యాసెట్ మూడు గంటలున్నా చుట్టాలు చూస్తారు, అందులో తామున్నారు కాబట్టి. ముక్కూ మొహం తెలియని వాళ్లు నటించిన పది నిమిషాల కథను చూడమని ఎవరింటి తలుపు తడతాం?

ఇదే సంగతి తెలుగు కథానిక చరిత్రలోనూ కనిపిస్తుంది. కాగితం, కలం, చెప్పే నేర్పు గురజాడకు ముందూ ఉన్నాయి. ఆయన కథ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో అచ్చయింది. 1924లో ‘భారతి’ మొదలైంది. తర్వాత వారపత్రికలు, వాటి దీపావళి ప్రత్యేక సంచికలు, పోటీలు వచ్చాయి. నెలనెలా ఇన్ని పేజీలు కథకు అని కేటాయించిన పత్రిక ఉండబట్టే అన్ని పేజీల్లో ముగిసే కథ రాయడం ఒక విద్యగా ఎదిగింది. పత్రిక లేకుంటే కథలు రాసేవాళ్లు ఉండకపోరు, కానీ ఒకరు రాసింది చదివి ఇంకొకరు ఇంకోలా రాసే పరంపర ఉండదు. షార్ట్ ఫిల్మ్‌కు ఆ పత్రిక పాత్ర పోషించింది యూట్యూబ్. 2005లో పుట్టి, 2008లో భారతదేశపు పేజీ తెరిచింది. ఎడిటర్‌కు ఉత్తరం రాయనక్కర్లేదు, తిరుగు టపా కవరు పెట్టనక్కర్లేదు.

చోటు లేకపోయినా తీసినవాళ్లు లేరా అని అడగొచ్చు. ఉన్నారు. ‘మా భూమి’ నిర్మాత, ‘దాసి’ దర్శకుడు బి.నర్సింగరావు 1980లలోనే ‘ది సిటీ’, ‘మా ఊరు’ వంటి డాక్యుమెంటరీలు తీశారు. వాటిని చూసేందుకు మామూలు తెలుగు ప్రేక్షకుడికి దారి ఎంత సన్నగా ఉండేదో ఆలోచిస్తే నా మాటే బలపడుతుంది. పట్టుదల గల ఒక మనిషి చోటు లేకున్నా తీస్తాడు. అతన్ని చూసి పదిమంది తీయాలంటే చోటు కావాలి. ఫిల్మ్ సొసైటీలు, హైదరాబాద్‌లోనైనా కరీంనగర్‌లోనైనా, ప్రపంచ సినిమా చూసే కన్ను ఇచ్చాయి. కానీ వాటి ప్రధానమైన పని మంచి సినిమా తెచ్చి చూపించడం. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలయ్యాక నాటికలకు సమయం కేటాయించింది, నాటికలు వచ్చాయి. 1995లో ప్రైవేటు చానళ్లు వచ్చాయి; మరికొన్నేళ్లకు సాయంత్రాలన్నీ డైలీ సీరియల్‌కు రాసిచ్చేశాయి. ప్రకటనలిచ్చేవాడికి రేపు మళ్లీ వచ్చే ప్రేక్షకుడు కావాలి. ఒక్క రోజుతో అయిపోయే కథ వాడికి దండగ.

పక్కనున్న తమిళం చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడా అవే కెమెరాలు, అదే కాలం. కానీ 2009లో కలైజ్ఞర్ టీవీ ‘నాళైయ ఇయక్కునర్’ పేరుతో షార్ట్ ఫిల్మ్ పోటీని వారం వారం ప్రసారం చేయడం మొదలుపెట్టింది. దర్శకులు కార్తీక్ సుబ్బరాజ్, నలన్ కుమారస్వామి ఆ పోటీలోంచి వచ్చినవాళ్లే. బాలాజీ మోహన్ తీసిన ఓ చిన్న సినిమా యూట్యూబ్‌లో విపరీతంగా తిరిగి, 2012లో తమిళంతో పాటు తెలుగులోనూ ‘లవ్ ఫెయిల్యూర్’ పేరుతో పెద్ద సినిమా అయింది. తమిళ కుర్రాళ్లకు వారం వారం ఒక గడువు, ముఖం మీదే తప్పు చెప్పే సీనియర్లు, ఇంటిల్లిపాదీ చూసే తెర దొరికాయి. మనవాళ్లకు దొరికింది కామెంట్ బాక్స్. రెండిట్లో ఏది మంచి గురువో చెప్పడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఇక చోటు రాతను ఎలా శాసిస్తుందో చూద్దాం. ఫిల్ము రోజుల లెక్క అడుగుల్లో ఉండేది. 35 ఎం.ఎం. ఫిల్ము ఒక అడుగులో 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ముడి ఫిల్ముకు కరువొచ్చి, 1943లో ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు కట్టడి చేసింది. అంటే రెండు గంటలు దాటి రెండు మూడు నిమిషాలు. దండిగా పాటలు, పద్యాలు పెట్టుకునే అలవాటున్న సినిమాకు ఇది కత్తెర. ఫిల్ము ఖరీదైనంత కాలం స్క్రిప్టు అన్నిటికంటే చవకైన పొదుపు. దర్శకుడు కె.వి.రెడ్డి సీన్ల వారీగా స్టాప్‌వాచ్ పెట్టి కొలిచి, ఫలానా సీను ఇన్ని అడుగులని షూటింగుకు ముందే తేల్చుకునేవారని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఆయన స్వభావం కావచ్చు, కానీ ఆ స్వభావానికి విలువ కట్టింది ఫిల్ము ధర. డిజిటల్‌లో ఎంత తీసినా కార్డు చెరిపేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇక పొదుపుతో పనేముంది, రాత విచ్చలవిడి అవుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు, ఎందుకంటే ఒక కట్టడి పోయిన చోటే ఇంకొకటి వచ్చి కూర్చుంది. 5డి మార్క్ 2లో ఒక ఫైలు 4 జీబీ దాటేది కాదు. అది సుమారు పన్నెండు నిమిషాలు. 2006 మార్చి నుంచి యూట్యూబ్ ఒక వీడియోకు పది నిమిషాల హద్దు పెట్టింది. 2010 జులైలో దాన్ని పదిహేను చేసింది, ఆ ఏడాది చివర్లో మంచి రికార్డున్న ఖాతాలకు ఎత్తేసింది. అప్పటిదాకా నిడివి మించితే ‘పార్ట్ 1’, ‘పార్ట్ 2’ అని ముక్కలు చేయాల్సిందే. మొదటి ముక్క చూసినవాడు రెండోది వెతుక్కుని చూస్తాడన్న హామీ లేదు. అందుకని ఆ తరం రచయితలు మొదటి ముప్పై సెకన్లలో అమ్మాయిని గానీ శవాన్ని గానీ చూపించి, చివరి నిమిషంలో మలుపు దాచి పెట్టడం నేర్చుకున్నారు.

మాట కూడా అలాగే మారింది. ఆ కెమెరాలతో బొమ్మ అందంగా వచ్చేది. వెనకాల గోడ మసకబారిపోతే అద్దె గది సినిమా సెట్టులా కనిపించేది. శబ్దం మాత్రం దరిద్రం. 5డి మార్క్ 2లో శబ్దం స్థాయిని మనం అదుపు చేసుకునే వీలు మొదట లేనే లేదు; 2010లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ఫ్యాను మోత, రోడ్డు మీది హారన్లు అన్నీ డైలాగులో కలిసిపోయేవి. దానికి తేలికైన విరుగుడు హీరో గొంతుతో కథ చెప్పించడం. ఆ కాలపు తెలుగు షార్ట్ ఫిల్మ్‌ల్లో వాయిస్ ఓవర్ అంత ఎక్కువగా ఉండటానికి రచయితల అంతర్ముఖత్వం కంటే మైకు లేకపోవడమే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. రాసే కాగితమూ మారింది. తెలుగు సినిమా స్క్రిప్టు సంప్రదాయంలో పేజీని రెండుగా విడదీసి, ఎడమ పక్క ఏం జరుగుతుందో, కుడి పక్క ఎవరేమంటారో రాసేవారు. కుడి పక్కను డైలాగ్ రైటర్ ఏలేవాడు; పింగళి నాగేంద్రరావు లాంటివాళ్లకు అది సొంత రాజ్యం. కొత్తవాళ్లు ఇంటర్నెట్లో ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేర్‌లో హాలీవుడ్ పద్ధతిలో, తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతూ రాశారు. భాషాభిమానులు దీనికి బాధపడ్డారు. కానీ ఆ పేజీలో డైలాగుకు ప్రత్యేక రాజ్యం లేదు, కథనం మధ్యలో సన్నగా ఇమిడి ఉండాలి. పైగా రాసేవాడు, తీసేవాడు, కొన్నిసార్లు నటించేవాడు కూడా ఒక్కడే. ప్రాస తగ్గి, మామూలుగా మాట్లాడుకునే మాట సీనులోకి రావడానికి ఇది దోహదం చేసింది.

కొలతలే అంతా నిర్ణయిస్తే అందరూ ఒకేలా తీయాలి కదా, ఫణీంద్ర నర్సెట్టి ‘మధురం’, దీపక్ రెడ్డి ‘మనసానమః’ వేటికవే ఎలా అయ్యాయి అని ఎదురు ప్రశ్న వేయొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కట్టడి ఛందస్సు లాంటిది. ఒకే వృత్తంలో రాసిన ఇద్దరు కవులు ఒకేలా రాయరు. కానీ ‘మనసానమః’ కథను వెనక నుంచి ముందుకు చెప్పడంలో కూడా, కదిలిపోబోయే ప్రేక్షకుణ్ని పట్టి ఉంచాలన్న లెక్క కనిపిస్తుంది. కొలత మారినప్పుడల్లా రాత మారడమూ కనిపిస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా కారుచవకయ్యాక, ఒక్క కథతో ఆపడం కంటే వెబ్ సిరీస్‌గా సాగదీయడం లాభమైంది. వీడియో మధ్యలో ప్రకటన రావాలంటే పది నిమిషాలు దాటాలన్న నిబంధనను యూట్యూబ్ 2020 జులైలో ఎనిమిదికి దించింది. అప్పటి నుంచి ఎనిమిది నిమిషాల చిల్లర నిడివి గల కథలు ఎందుకన్ని వస్తున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని చేసినా ఆ చోటు ఒకటి చేయలేదు: కూడు పెట్టలేదు. కథ రాసేవాడికి పత్రికలు ఇచ్చిందీ ఏమంత కాదు. చాసో జీవితమంతా కథలు రాసుకుంటూనే పెద్ద రచయిత కాగలిగారు. కానీ కథకు తెల్లకాగితం చాలు. ఎంత చిన్న సినిమాకైనా పదిమందికి భోజనం, లెన్సు అద్దె, పెట్రోలు కావాలి. స్నేహితులు ఉద్యోగాల్లో చేరేదాకానే ఉచితంగా వస్తారు. అందువల్ల తెలుగులో షార్ట్ ఫిల్మ్ నిర్మాతకు చూపించే విజిటింగ్ కార్డు అయింది. మేర్లపాక గాంధీ ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’కు, సుజీత్ ‘రన్ రాజా రన్’కు, సందీప్ రాజ్ ‘కలర్ ఫొటో’కు ఆ దారినే వెళ్లారు. అదేం తప్పు, మంచిదే కదా అనేవాళ్లున్నారు. సినిమాకు మంచిదే. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ నుంచి ‘పెళ్లిచూపులు’కు వచ్చేసరికి ఆ మాట తీరు కూడా వెంట వచ్చింది, 2016 నాటి ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు సంభాషణలకూ జాతీయ పురస్కారం దక్కింది. నా పేచీ షార్ట్ ఫిల్మ్ తరఫున. పెద్ద సినిమా ఇస్తారేమోనని తీసిన పది నిమిషాల్లో కాస్త ఫైటు, కాస్త ప్రేమ, ఓ పాట ముక్క, నాకివన్నీ వచ్చునన్న ప్రదర్శన ఉంటాయి. పది నిమిషాల్లో మాత్రమే చెప్పగలిగే విషయం చెప్పాలన్న ఆలోచనకు అందులో తావు తక్కువ. చేయి తిరగ్గానే మనిషి వెళ్లిపోతాడు. వెనక వచ్చేవాడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

డబ్బూ చోటూ రెండూ ఉన్న ఏర్పాటు ఈ దేశంలో ఒకప్పుడు లేకపోలేదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిన్న చిత్రాలు ప్రతి థియేటరులో అసలు సినిమాకు ముందు వేసి తీరాలని లైసెన్సు షరతు ఉండేది. అందుకు థియేటరువాళ్లే అద్దె కూడా కట్టాల్సి ఉండేది. తెలుగుతో సహా అనేక భాషల్లో వ్యాఖ్యానం చదివించేవారు. ఆ గొడుగు కిందే ఎస్.ఎన్.ఎస్.శాస్త్రి ‘ఐ యామ్ 20’, ప్రమోద్ పతి ‘ఎక్స్‌ప్లోరర్’ లాంటి సాహసాలు వచ్చాయి, చిత్రకారుడు ఎం.ఎఫ్.హుసేన్ 1967లో తీసిన చిన్న చిత్రం బెర్లిన్‌లో బహుమతి గెలిచింది. ఆ సమయంలో జనం బయట సిగరెట్టు కాల్చుకుంటూ నిలబడేవారన్నదీ నిజమే, కాబట్టి ఆ ఏర్పాటు విఫలమైందనే వాదన ఉంది. జనం లేచిపోయింది నిడివి చిన్నదని కాదు. ఆనకట్టల గురించీ కుటుంబ నియంత్రణ గురించీ ఢిల్లీ చెప్పదలచుకున్నదే ఎక్కువసార్లు ఆ తెర మీద పడేది. ఆ ద్వారం గుండా ఓ తెలుగు కుర్రాడి కథ లోపలికి వెళ్లే వీలే లేదు. చోటు ఉంది, డబ్బుంది, తలుపు మాత్రం మూసి ఉంది; యూట్యూబ్‌లో తలుపు తీసి ఉంది, డబ్బు లేదు. ఫిల్మ్స్ డివిజన్ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది. సినిమా మొదలయ్యే ముందరి ఆ సమయాన్ని ఇప్పుడు నగల దుకాణాల ప్రకటనలు, పొగాకు హెచ్చరికలు, రాబోయే సినిమాల ట్రైలర్లు పంచుకుంటున్నాయి.