యువ కార్మికులు యూనియన్‌కు దూరమా? అడ్డు ఎక్కడుంది?

తమిళనాడులోని శ్రీపెరంబుదూరు శాంసంగ్ కర్మాగారంలో కార్మికులు 2024 సెప్టెంబర్ 9న సమ్మెకు దిగారు. 37 రోజులు సాగింది. జీతాలు, పనిగంటలు కూడా డిమాండ్లలో ఉన్నాయి గానీ అసలు పేచీ యూనియన్ గుర్తింపు దగ్గరే. సంఘం పేరులో కంపెనీ పేరు ఉండటానికి యాజమాన్యం ఒప్పుకోలేదు. వ్యవహారం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. సీఐటీయూ అండతో ఏర్పడిన ఆ సంఘం చివరికి 2025 జనవరి 27న రిజిస్టరయింది. అంతకు 13 ఏళ్ల ముందు, 2011 జూన్‌లో హర్యానాలోని మానేసర్ మారుతి ప్లాంటులో సమ్మె చేసినవారిలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవారే. వారు అడిగిందీ సొంత యూనియనే. ఈ తరానికి యూనియన్ల మీద ఆసక్తి లేదని తేల్చేసేవారు ఈ రెండు చోట్ల ఏం జరిగిందో చూడాలి.

వయసు అడ్డు కాదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 15 ఏళ్లు నిండినవారికి సభ్యత్వం, 18 నిండినవారికి కార్యవర్గంలో చోటు ఇచ్చింది. చందా కూడా అడ్డు కాదు. ఆ చట్టానికి 2001లో చేసిన సవరణ ప్రకారం సంఘటిత రంగంలో కనీస చందా ఏడాదికి 12 రూపాయలుగా ఉండేది. టీ ఖర్చే అంతకంటే ఎక్కువ!

అడ్డు ఉన్నది కొలువు స్వరూపంలో. ఐటీఐ ముగించి ఫ్యాక్టరీలో చేరే కుర్రాడు ముందు అప్రెంటిస్ అవుతాడు. 1961 అప్రెంటిస్ చట్టం దృష్టిలో అతను శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాడు. పక్కవాడితో సమానంగా లైన్‌లో నిలబడినా అంతే. ఆ దశ దాటితే కాంట్రాక్టు, లేదా నిర్ణీత కాల ఉద్యోగం. గడువు ముగిసి బయటికి పంపితే కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కించదు. ఆరు నెలల్లో రెన్యువల్ కావాల్సిన మనిషి గేటు మీటింగులో ముందు వరుసలో ఎందుకు నిలబడతాడు?

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఈ కోడ్, 1926 చట్టం స్థానాన్ని తీసుకుంది. ఒకటికి మించి సంఘాలున్న చోట, మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికే ఏకైక చర్చల సంఘం హోదా. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతం చొప్పున మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. కాంట్రాక్టు కార్మికుడి పేరు మామూలుగా ఉండేది కాంట్రాక్టరు మస్టర్‌లో. పర్మనెంటు వాళ్లు తగ్గుతున్న కొద్దీ ఈ లెక్కకు వచ్చేవారూ తగ్గుతారు.

తప్పంతా చట్టానిదే అనలేం. చాలా సంఘాలు పర్మనెంటు ఉద్యోగుల వేతన ఒప్పందంతోనే తృప్తి పడ్డాయి. కాంట్రాక్టు కార్మికులను చేర్చుకోవద్దని 1926 చట్టం ఎక్కడా చెప్పలేదు. వివాదం ఏ యజమానితో ఉన్నా, ఆ పరిశ్రమలో పనిచేసే అందరినీ కార్మికులుగానే నిర్వచించింది. ఆ తలుపు తెరవనిది సంఘాలే. ఒడిశా, బీహార్ల నుంచి వచ్చిన కుర్రాడికి అర్థమయ్యే భాషలో ఒక్క కరపత్రం లేని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఫ్యాక్టరీ గేటే లేని చోట దారి వేరు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్‌లోని క్యాబ్ డ్రైవర్లకు, డెలివరీ చేసేవారికి మేనేజరంటే ఫోన్‌లోని యాప్. ఐడీ బ్లాక్ కావడమే వారికి డిస్మిసల్. గిగ్ కార్మికుల కోసం దేశంలో మొదటి చట్టాన్ని 2023లో రాజస్థాన్ చేసింది. అక్కడా ఆ చట్టం కోసం పట్టుబట్టింది కార్మిక సంఘాలే.