మామూలు వెనుక చరిత్ర

దీపావళికి రెండు రోజుల ముందు ఢిల్లీలో మా అపార్టుమెంట్ల గేటు దగ్గర గార్డు నమస్కారం పెట్టి, "సాబ్, దీవాలీ" అన్నాడు. అంతకు మించి చెప్పవలసిన పని లేదు. చెత్త తీసుకువెళ్ళే మనిషి, పేపరు వేసే కుర్రవాడు ఉదయమే అడిగి వెళ్ళారు. నెల జీతం మీద బతికే నన్ను వీళ్ళంతా ధనవంతుడనుకుంటున్నారే అని లోలోపల విసుక్కున్నాను. అయితే నాకు వచ్చే ప్రతి పార్సిలునూ రిజిస్టరులో రాసేది ఆ గార్డే. నా ఖర్చు గురించి నాకన్నా అతనికే బాగా తెలుసు.

ఈ డబ్బుకు మన భాషలో ఉన్న పేర్లకు చరిత్ర ఉంది. బక్షీసు పారశీకం నుంచి, ఇనాము, మామూలు అరబ్బీ నుంచి వచ్చాయి. మామూలు అంటే ఆచారంగా జరిగేది అని అర్థం. గార్డు అడిగే పండుగ మామూలుకూ, అధికారి గుంజే మామూలుకూ ఒకే మాట వాడుతున్నాం. కానీ చరిత్రలో ఈ రెండింటికీ ఒకే మర్యాద దక్కలేదు.

మొగలు దర్బారులో కిందివాడు పైవానికి సమర్పించేది నజరు. ఈస్టిండియా కంపెనీ దొరలు ఈ ఆచారాన్ని తమకు అనువుగా మలచుకున్నారు. 1757లో ప్లాసీ యుద్ధం తరువాత మీర్ జాఫర్ నుంచి క్లైవు పుచ్చుకున్న కానుకల విలువ రెండు లక్షల పౌండ్లు దాటింది. చివరకు 1773 రెగ్యులేటింగ్ చట్టం కంపెనీ ఉద్యోగులు కానుకలు తీసుకోవడాన్ని నిషేధించవలసి వచ్చింది. ఆ తరువాత కూడా క్రిస్మస్‌కు దొరల బంగళాలకు పండ్ల బుట్టలు, 'డాలీ'ల పేరుతో, వెళుతూనే ఉన్నాయి. దాన్ని ఎవరూ యాచన అనలేదు.

పై నుంచి కిందికి వచ్చినదాని కథ వేరు. మన పల్లెల్లో చాకలి, మంగలి వంటి వృత్తులవారికి కళ్ళం దగ్గర 'మేర' కొలిచేవారు. ఉత్తరాదిలో దాన్ని జజ్మానీ అన్నారు. దసరాకు బడిపంతులు పిల్లల చేతికి విల్లంబులిచ్చి ఇంటింటికీ తిప్పి వసూలు చేసుకున్నదీ జీవనానికే. అవన్నీ చేసిన పనికి ఆలస్యంగా ముట్టిన కూలి. ఇచ్చేవారు మాత్రం దానికి దానం రంగు పూశారు. పుచ్చుకునేవారు తల వంచి నిలబడవలసి వచ్చింది.

ఆ వంచిన తలను ఎత్తే ప్రయత్నం 1965 బోనస్ చట్టం చేసింది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో బోనస్ హక్కయింది. కనీస బోనస్ మొదట 4 శాతం, తరువాత 8.33 శాతం, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు. రైల్వే ఉద్యోగికి దసరా ముందు బోనస్ ప్రకటిస్తే అతను ఎవరికీ సలాము చేయనక్కరలేదు. ఇంట్లో పనిచేసే మనిషికి ఆ హక్కు లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో ఇల్లు సంస్థ కాదు.

మరి మా గార్డు? అతను వందల మందిని పనికి పంపే ఒక ఏజెన్సీ ఉద్యోగి. బోనస్ వచ్చిందా అని అడిగాను. ఆ మాటే ఎప్పుడూ వినలేదన్నాడు. ఆ ఏజెన్సీని ఎంచుకున్నది మా సొసైటీయే. తక్కువ ధరకు వస్తామన్నందుకే ఎంచుకున్నాం. ఆ సమావేశంలో చెయ్యెత్తినవారిలో నేనూ ఉన్నాను.

అతనికి ఐదు వందలు ఇచ్చాను, అతను మళ్ళీ నమస్కారం పెట్టాడు. అతనికి రావలసిన డబ్బులో కొంత నా నెలవారీ చందాలో మిగులుతున్నదని తెలిసిన తరువాత ఆ నమస్కారం అందుకోవడం కష్టమైంది. ఈసారి సొసైటీ సమావేశంలో బోనస్ లెక్క అడగవలసింది నేను.