అరవై నానోసెకన్లు ఎక్కడివి?

2011 సెప్టెంబర్ 23న జెనీవా దగ్గరి సెర్న్‌లో ఒపెరా బృందం ఒక లెక్క బయటపెట్టింది. అక్కణ్ణుంచి భూమిలోంచి దూసుకెళ్లే న్యూట్రినోలనే కణాలు 730 కిలోమీటర్ల అవతల, ఇటలీలో గ్రాన్ సాసో కొండ కిందున్న ప్రయోగశాలకు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరుతున్నాయట! ఐన్‌స్టీన్ పని అయిపోయిందని పత్రికలు పండగ చేసుకున్నాయి. ఒపెరా వాళ్లు మాత్రం తప్పేమైనా ఉంటే పట్టుకోమనే అడిగారు.

ఆ లెక్కకు ఎదురు నిలిచిన మొదటి ఆధారం అప్పటికే పాతది. 1987లో పేలిన సూపర్‌నోవా మనకు లక్షన్నర కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. దాని న్యూట్రినోలు వెలుగు కన్నా కొన్ని గంటలే ముందొచ్చాయి, అదీ నక్షత్రం పొరలు దాటడానికి వెలుగుకు ఆలస్యమైనందువల్ల. ఒపెరా లెక్కే నిజమైతే నాలుగేళ్ల ముందే రావాలి. కాకపోతే సెర్న్ న్యూట్రినోల శక్తి చాలా ఎక్కువ కనక అనుమానానికి ఇంకా చోటు మిగిలింది.

భౌతిక శాస్త్రవేత్తలు కోహెన్, గ్లాషో ఇంకో మెలిక పెట్టారు: అంత వేగంతో పోయేవి దారిలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలను వదులుతూ శక్తి పోగొట్టుకోవాలి. ఒపెరా పక్కనే ఉన్న ఇకారస్ పరికరానికి ఆ నష్టం జాడే దొరకలేదు. మరి తప్పు సెర్న్ పంపిన పుంజంలో ఉందా? నవంబర్‌లో 3 నానోసెకన్ల పొట్టి పల్స్‌లతో మళ్లీ పంపి చూశారు. అవే 60!

ఇక మిగిలింది గడియారం. జీపీఎస్ సమయాన్ని కొండ కిందికి మోసుకెళ్లే 8.3 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ కొసన కనెక్టర్ సరిగా బిగుసుకోలేదు. కాంతి తగ్గింది, నల్లా ధార సన్నబడితే బిందె నిండడం ఆలస్యమైనట్టు, దాన్ని అందుకునే డయోడ్ సంకేతం ఇవ్వడానికి ఎక్కువసేపు తీసుకుంది. గడియారం వెనకబడింది, న్యూట్రినోలు ముందొచ్చినట్టు నమోదయ్యాయి. గడియారం ఆసిలేటర్‌లోని ఇంకో లోపం లెక్కను ఎదురువైపు లాగింది కాబట్టి కేబుల్ తెచ్చిన అసలు తేడా ఇంకా పెద్దదే.

దీనికి సాక్ష్యం చెప్పినవి ఎవరూ పంపని మ్యూయాన్లు. అంతరిక్ష కిరణాల నుంచి పుట్టి, టెరామో పట్టణం వైపు నుంచి కొండలోంచి అడ్డంగా వచ్చి, ఒపెరానూ దాని పొరుగున ఉన్న ఎల్‌వీడీనీ వరసగా దాటిన కణాలవి. రెండు పరికరాల్లో వాటి సమయాలు పోల్చితే 2008 ఆగస్టు నుంచి 2011 చివరిదాకా ఒపెరా గడియారం దాదాపు 73 నానోసెకన్లు తేడా చూపింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్షులు ఇవే.

2012 మార్చిలో బృంద నాయకుడు ఎరెడిటాటో, సమన్వయకర్త ఆటియెరో పదవులు వదులుకున్నారు. జూన్‌లో క్యోటో సదస్సులో సవరించిన లెక్క వచ్చింది: న్యూట్రినోలది కాంతి వేగమే. అసలు ఒపెరాను కట్టింది మ్యూయాన్ న్యూట్రినోలు టౌ న్యూట్రినోలుగా మారడం చూడటానికి; ఆ మార్పును అది 2015 నాటికి నిక్కచ్చిగా తేల్చి చూపించింది.