పొరలు పొరలుగా ఒక పురుగు

1665లో లండనులో 'మైక్రోగ్రాఫియా' అనే గ్రంథం వెలువడింది. రాబర్ట్ హుక్ ఈగ తలనూ, చీమనూ, పేనునూ సూక్ష్మదర్శినిలో చూసి గీసిన బొమ్మలు అందులో ఉన్నాయి. పేను బొమ్మ మడతలు విప్పి చూడవలసినంత పెద్దది. శామ్యూల్ పెప్స్ అనే నౌకాశాఖ ఉద్యోగి ఒక రాత్రి రెండు గంటల దాకా మేలుకుని ఆ పుస్తకం చదివినట్లు తన దినచర్యలో రాసుకున్నాడు.

హుక్ తన పద్ధతిని ముందుమాటలో వివరించాడు. ఈగ కన్ను ఒక వెలుగులో చిల్లుల జల్లెడలా కనిపిస్తుందట. ఎండలో బంగారు మేకులు దిగ్గొట్టిన పలకలా, మరో వైపు నుంచి శంకువులు పేర్చినట్లూ ఉంటుందట. అందుచేత ఎన్నో వెలుగుల్లో, ఎన్నో వైపుల నుంచి చూసి, అసలు రూపం తేల్చుకున్నాకే ఆయన గీత మొదలుపెట్టేవాడు. చీమ కుదురుగా ఉండకపోతే దానికి బ్రాందీ పట్టించాడు. మత్తు దిగాక అది లేచి పరుగెత్తింది.

అంటే ఆ బొమ్మ ఒక్క చూపులో వచ్చింది కాదు, ఎన్నో చూపులను కూడగా వచ్చిన మొత్తం. తరువాత వచ్చిన కెమెరాకు ఈ కూడిక చేతకాలేదు. అది నేర్చుకోవడానికి దానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

నేను వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, భౌతికశాస్త్రం నా విషయం కాదు. అయినా సంతకాలు సరిచూడటానికి భూతద్దం పట్టుకున్న ఎవరికైనా ఈ చిక్కు తెలుస్తుంది. కాగితం సమంగా ఉన్నంతవరకే అక్షరం స్పష్టం; అంచు కాస్త లేచిందంటే అక్కడ మసక. ఎంత పెద్దది చేసి చూస్తే స్పష్టంగా కనిపించే పొర అంత పలచబడుతుంది. పది రెట్లు పెంచే సూక్ష్మదర్శిని కటకంలో ఆ పొర మందం మిల్లీమీటరులో నూరోవంతు లోపే. చీమ కంటికి సరిచేస్తే మీసం మసక, మీసానికి సరిచేస్తే కన్ను మసక. కటకం ద్వారాన్ని చిన్నది చేస్తే లోతు పెరుగుతుంది గాని, కాంతి అంచుల దగ్గర వంగి చెదిరి బొమ్మంతా మొద్దుబారుతుంది.

ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1840 ప్రాంతంలోనే సూర్యకాంతి సూక్ష్మదర్శినితో కీటకాల రెక్కలను ఫోటో తీశాడు. రెక్క బల్లపరుపుగా ఉంటుంది కనుక సాధ్యమైంది. తల, కాళ్లు, నూగు ఉన్న పూర్తి పురుగును అలా పట్టడం వేరే సంగతి. 1964లో డాన్ మెక్‌లాక్లన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం ప్రకటించాడు. కెమెరా కన్ను తెరిచే ఉంచి, స్పష్టత ఉన్న పొర మీద మాత్రమే పలచని వెలుగు రేకును ప్రసరింపజేసి, వస్తువును నెమ్మదిగా ఆ రేకు గుండా జరపాలి. ఏ పొర వెలుగులోకి వస్తే ఆ పొరే ఫిల్ము మీద పడుతుంది. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో తయారైన స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అమ్మకానికి వచ్చింది. దానిలో లోతు అద్భుతమే కాని రంగు రాదు. పురుగుకు సాధారణంగా బంగారు పూత పూసి గాలిలేని గదిలో ఉంచాలి.

డిజిటల్ కెమెరా వచ్చాక చిక్కు విడిపోయింది. కెమెరాను వెంట్రుకవాసి కన్నా తక్కువగా జరుపుతూ, ఒక్కొక్క పొరకు ఒక్కొక్క ఫోటో తీస్తారు. ప్రతి ఫోటోలో స్పష్టంగా ఉన్న భాగాన్ని మాత్రమే ఏరి కంప్యూటరు ఒక్క చిత్రంగా కూర్చుతుంది. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటున్నారు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో పుట్టిన హెలికాన్ ఫోకస్, అమెరికాలో రిక్ లిటిల్‌ఫీల్డ్ రూపొందించిన జెరీన్ స్టాకర్ ఇందుకు పేరుపొందిన ప్రోగ్రాములు. 2016లో లెవన్ బిస్ అనే ఛాయాగ్రాహకుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ప్రదర్శన పెట్టాడు. ఒక్కొక్క పురుగును సుమారు ముప్ఫై భాగాలుగా విడదీసి, ఏ భాగానికి తగ్గ వెలుగు ఆ భాగానికి అమర్చి, ఎనిమిది వేలకు పైగా ఫోటోలతో ఒక్క చిత్రం కూర్చాడు. హుక్ కళ్లతో చేసిన పనే ఇది.

ఇక్కడ ఒక సందేహం న్యాయమైనదే. ఏ కన్నూ ఏ క్షణంలోనూ చూడని బొమ్మను నిజమని ఎలా నమ్మడం? బ్యాలెన్స్ షీటు కూడా ఎవరూ కళ్లతో చూసిన దృశ్యం కాదు. దాని వెనుక ఓచర్లు ఉంటే నమ్ముతాం. కంప్యూటరు కూడా తప్పుతుంది. వెంట్రుక మీద వెంట్రుక అడ్డంగా వచ్చిన చోట లేని నీడలు పుట్టిస్తుంది. అందుకే విడి ఫోటోలు దాచి ఉంచాలి. అడిగినవారికి చూపగలిగితేనే మొత్తానికి విలువ.

ఈ చిత్రాల అవసరం మన ప్రాంతాలకూ ఉంది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 18వ శతాబ్దంలో డేనిష్‌వారి తరంగంబాడిలో వైద్యుడుగా ఉంటూ పురుగులను సేకరించాడు. 1779లో చెదపురుగులను గురించి వ్యాసం ప్రకటించాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అది మన యానానికి ఎంతో దూరం కాదు. ఆయన పంపిన పురుగులకు ఫాబ్రిషియస్ లాటిన్ పేర్లు పెట్టాడు. ఫాబ్రిషియస్ సంగ్రహంలో పెద్ద భాగం కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఉంది. మన పొలంలో దొరికిన పురుగు అదేనా అని తేల్చుకోవాలంటే అంతదూరం వెళ్లాలి, లేదా విరిగిపోయే ఆ ఎండు పురుగును తపాలాలో రప్పించాలి. కంటి నుంచి కాలిగోరు దాకా స్పష్టంగా ఉన్న చిత్రం ఉంటే ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది.

అమెరికా భూవిజ్ఞాన సర్వేకు చెందిన శామ్ డ్రోగి బృందం తేనెటీగలను సబ్బునీటితో కడిగి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో నూగు ఆరబెట్టి, ఇలాగే వేలాది చిత్రాలు తీసింది. అవి ఎవరైనా ఉచితంగా అచ్చువేసుకోవచ్చు. ఆ చిత్రాల కింద ఉండేవి లాటిన్ పేర్లు. మన పిల్లలు బడిలో పురుగుల పేర్లు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో నేర్చుకుంటున్నారు. కందిరీగ, తుమ్మెద, ఉసిళ్లు, పెంకుపురుగు, మిణుగురు అన్న మాటలు పెద్దల నోట మాత్రమే మిగిలాయి. మీ ఇంట్లో, మీ వీధిలో ఏ పురుగును ఏమంటారో, దాని రంగు, కాలం, ఉండే చోటు జతచేసి ఈ పత్రికకు రాయండి. హోసూరు మాట, బరంపురం మాట, యానాం మాట వేరైతే మూడూ రాద్దాం. ఏ మాట ఏ పురుగుదో స్పష్టమైన చిత్రం పక్కన పెట్టి తేల్చుకోవచ్చు.