టైపురైటర్ల కంపెనీ పిస్తోలు

వస్తువును వాడినవాడి అనుభవం వేరు, ఆ వస్తువు చరిత్ర వేరు. మొదటిదాన్ని ఎంత నిజాయితీగా చెప్పినా అందులోంచి రెండోది దానంతటదే బయటికి రాదు. కథలు రాసేవాళ్లం ఈ తేడాను తరచు మరిచిపోతాం. అమెరికాలో మా అబ్బాయి పొరుగింట్లో ఉండే రిటైరైన మెకానిక్కు ఒకాయన తన పిస్తోలు చూపించినప్పుడు నాకిది మళ్లీ గుర్తుకొచ్చింది.

అది 1911 మోడలు. ఆయన దాన్ని కొని యాభై ఏళ్లయింది. ఆయన చెప్పిందంతా పనితనం తెలిసినవాడి మాట. లోపలి స్ప్రింగును ఎన్నిసార్లు మార్చాడో నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. తూటా ఇరుక్కుంటే పిస్తోలును తిట్టనక్కర్లేదనీ, ముందు మాగజైను అంచులు వంగాయేమో చూడాలనీ అన్నాడు. గుండ్రటి మూతి తూటాలైతే ఇబ్బంది లేదట. మూతి గుల్లగా ఉన్నవి పెడితే మొరాయిస్తుందట. ఊపితే గలగలమంటుంది, అయినా గురి చెడలేదు. ఏడు తూటాలేనా అని అడిగాను. ‘ఒక్కటి చాలు, మనిషి పడిపోతాడు’ అన్నాడు. ఎవరా మనిషి అన్నాను. ‘ఎవరైనా’ అని నవ్వాడు.

చరిత్రలో ఆ మనిషి ‘ఎవరైనా’ కాదు. 1898లో స్పెయిన్‌కు రెండు కోట్ల డాలర్లు చెల్లించే ఒప్పందంతో ఫిలిప్పీన్సును పుచ్చుకున్న అమెరికా, దక్షిణ దీవుల్లోని మోరో ముస్లిం ప్రజలను లొంగదీయడానికి ఏళ్ల తరబడి యుద్ధం చేసింది. కత్తి పట్టి మీదికొచ్చే మోరో యోధుడు పాయింట్ 38 రివాల్వరు తూటాలు తగిలినా ఆగడం లేదని సైన్యం ఫిర్యాదు. అతను ఎందుకు ఆగడం లేదన్నది ప్రశ్న కాలేదు. ఎంత లావు తూటా కావాలన్నదే ప్రశ్న అయింది. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే సైనికాధికారులు షికాగో కబేళాల్లో బతికున్న పశువులను కాల్చి చూశారు. మనుషుల శవాలను వేలాడదీసి కాల్చి, అవి ఎంత ఊగుతున్నాయో గమనించారు. పాయింట్ 45కు తగ్గకూడదని తేల్చారు. ఇదీ ఆ ‘ఒక్కటి చాలు’ అన్న మాటకు పుట్టిల్లు.

ఆ కొలతకు జాన్ బ్రౌనింగ్ రూపొందించిందే ఈ పిస్తోలు. ఆయన ప్రతిభను కాదనడం మూర్ఖత్వం. 6,000 గుండ్ల పరీక్షకు నిలబడిన యంత్రమది. 1911 మార్చి 29న సైన్యం దాన్ని స్వీకరించింది. 1985లో మరో పిస్తోలును ఎంచుకునేదాకా అదే ప్రామాణికం.

ఈ మధ్యలో ఒక రచయిత ఉన్నాడు. 1906 మార్చిలో హోలో దీవిలో, అగ్నిపర్వతం బిలంలో తలదాచుకున్న మోరోలను, స్త్రీలనీ పిల్లలనీ చూడకుండా, వందల మందిని అమెరికన్ సైన్యం చంపింది. అప్పటికి ఈ పిస్తోలు పుట్టలేదు. వార్త చదివిన రోజుల్లోనే మార్క్ ట్వేన్ దాని మీద నిప్పులు కక్కుతూ రాశాడు. కాని బతికుండగా అచ్చు వేయలేదు. 1910లో ఆయన పోయాడు. ఆ రాత 1924లో గాని వెలుగు చూడలేదు. కబేళా పరీక్షల తీర్మానం ఏడేళ్లలో ఉక్కుగా మారింది. ట్వేన్ వాక్యాలు పద్దెనిమిదేళ్లు ఆగాయి.

పొరుగాయన పిస్తోలు పక్కన ‘రెమింగ్టన్ రాండ్’ అని చెక్కి ఉంది. మన టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు కుర్రాళ్లు వేళ్లు అరగదీసుకున్న రెమింగ్టన్ యంత్రాల పేరే! రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పిస్తోళ్లను అందరికంటే ఎక్కువగా, ఎనిమిది లక్షలకు పైగా, తయారుచేసింది ఈ టైపురైటర్ల కంపెనీయే. సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ కూడా 500 చేసి ఇచ్చింది. ఇప్పుడు వాటి కోసం సేకరణదారులు ఎగబడతారు.

మా అమ్మకు సింగరు మిషను ఉండేదని చెప్పాను. ‘నా పిస్తోలు మీద ఆ ముద్ర ఉంటే ఇంకో ఇల్లు కొనేవాణ్ణి’ అంటూ ఆయన నూనెగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాడు.