చెరువుకి ఆరు దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవుడి గుడి ముందర రెండు రాతి పలకల మీద ఒక శాసనం ఉంది. భాష సంస్కృతం, లిపి తెలుగు. 1369లో దాన్ని వేయించినవాడు విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. ఉదయగిరి నుంచి ఏలుతూ ఇక్కడ పెద్ద చెరువు కట్టించాడు. రోజుకి 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని.

దాతను పొగడడం ఏ శాసనంలోనైనా ఉండేదే. ఇది మాత్రం మంచి చెరువుకి కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు ఏకరువు పెట్టింది. కట్ట ఊటెత్తడం, చౌడు నేల, చెరువు నడుమ మెరక - ఈ మూడూ నేలకీ కట్టడానికీ సంబంధించినవి. రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు మిక్కిలిగా ఉండి సాగునేల చాలకపోవడం - తక్కిన మూడూ ఇవి. పొలిమేర గొడవనీ, చాలని నీటినీ ఏ తాపీ పనీ సరిచేయలేదు. మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సిందే.

తేల్చుకునే పద్ధతులు రాయలసీమలో ఉండేవి. చెరువు కట్టినవారికి, బాగుచేసేవారికి దశబంధం కింద మాన్యం దక్కేది. మరమ్మతు మానితే ఆ హక్కుకే ముప్పు. తూము బాధ్యత నీరుగంటిది. నీళ్లలోకి దిగి, గుంజకు బిగించిన బిరడాను పైకి లాగితే తూము తెరుచుకునేది. ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసేదీ అతనే, కూలి పంటలో వాటాగా ముట్టేది. వానలు తప్పిన ఏడు చాలామేర బీడు వదిలి, తూము దగ్గరి మళ్లకే నీళ్లు సరిపెట్టేవారు.

దీన్ని రామరాజ్యం అనుకోనక్కర్లేదు. నీరుగంటి తరచూ దళితుడే. తడిపే మడి తనది కాదు. కాలవ పూడిక తీసే చాకిరీ కూడా అందరి మీదా సమానంగా పడేది కాదు. ఆంగ్లేయుల హయాంలో ఈ కట్టుబాట్లు సడలాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం మామూలు ప్రకారం చేయాల్సిన మరమ్మతు పనిని చట్టంతో చేయించబోయింది. ఊరు తనంతట తాను చేసుకున్న పని సర్కారు హుకుమైంది.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటి వినియోగదారుల సంఘాలకు చట్టం చేసింది. సంఘానికి కాగితం మీద అధికారం వస్తే సరిపోదు. నీళ్లు చాలని ఏడు ఎవరి మడి ఎండాలో నిర్ణయించి, ఎండినవాడికి మరుసటేడు న్యాయం చేయగలిగితేనే అది చెరువుని కాయగలదు.